సభ కన్నా పూట ముఖ్యం: మద్రాసు డిసెంబరు సీజన్లో క్యాంటీన్లు, కచేరీలు, కాస్త రేడియో

డిసెంబరు దగ్గరపడితే నెల్లూరు నుంచీ తిరుపతి నుంచీ విజయవాడ నుంచీ ఒకటే ప్రశ్న: "సీజన్‌కి వస్తున్నాం, ఏ సభ బాగుంటుందండీ?" సీజన్ అంటే మద్రాసులో డిసెంబరు పొడుగునా సాగే కర్ణాటక సంగీత ఉత్సవాలు; సభ అంటే ఆ కచేరీలు పెట్టే సంస్థ, దాని హాలు. సభ పేరు ఒక్కటే చెప్తే సరిపోదు, ఏ పూట వెళ్లాలో కూడా చెప్పాలి. అదే సభ, అదే వంటవాడు, అదే కాఫీ పొడి. మధ్యాహ్నం మూడున్నరకి అమృతం, రాత్రి ఎనిమిదింబావుకి కుడితి. పాట సంగతీ ఇంచుమించు అంతే. అందుకే ఇక్కడ మార్కులు పూటల వారీగా వేస్తున్నాం.

నేపథ్యం రెండు ముక్కల్లో. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు పక్కనే ఒక సంగీత సమ్మేళనం కూడా పెట్టారు. మరుసటి ఏడాది, 1928లో, మ్యూజిక్ అకాడమీ పుట్టింది దాని పుణ్యమే. అకాడమీ ఉత్సవం డిసెంబరు 15న మొదలై జనవరి 1తో ముగుస్తుంది. నారద గాన సభ, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్, రసిక రంజని, భారతీయ విద్యా భవన్, టి.నగర్లో కృష్ణ గాన సభ, వాణీ మహల్ ఇంకొన్ని రోజులు అటూ ఇటూ కలుపుకుని నడుస్తాయి. క్యాంటీన్ కాంట్రాక్టు ఏటేటా చేతులు మారుతుంటుంది. కాబట్టి "పోయినేడు ఫలానా సభలో తిన్నాం, బ్రహ్మాండం" అన్న మాటని ఈ ఏటికి అరువు తెచ్చుకోకండి. గేటు దగ్గర బ్యానరు మీద కాంట్రాక్టరు పేరు ఉంటుంది, ముందు అది చూడండి. చాలా సభల్లో క్యాంటీనుకి వెళ్లాలంటే కచేరీ టిక్కెట్టు అక్కర్లేదు. తినడానికే వచ్చి తంబురా శ్రుతి కూడా చెవిన పడకుండా వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో!

పొద్దున పూట అకాడమీలో సోదాహరణ ప్రసంగాలు ఉంటాయి. ఎనిమిది ప్రాంతంలో మొదలు, ప్రవేశం ఉచితం. ఒక రాగం గురించో, ఒక వాగ్గేయకారుడి పాఠాంతరాల గురించో విద్వాంసులు పాడి చూపిస్తూ మాట్లాడతారు. మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లీషులో, అప్పుడప్పుడు తమిళంలో. ఉదాహరణలు మాత్రం చాలాసార్లు తెలుగు సాహిత్యమే. ఈ పూట క్యాంటీన్లో తినాల్సింది పొంగలి. బియ్యం ఒక వంతైతే పెసరపప్పు అర వంతు, నీళ్లు ధారాళంగా, మెత్తగా ఉడికాక నేతిలో వేగిన మిరియాలు, జీలకర్ర, అల్లం, జీడిపప్పు. పొంగలి తొమ్మిదిలోపే తినెయ్యాలి. చల్లారేకొద్దీ బియ్యంలో గంజి బిగుసుకుని ముద్ద గట్టిపడుతుంది. అప్పుడు వేడినీళ్లు పోసి కలిపి మళ్లీ వడ్డిస్తారు. నీళ్లు కలిపినదాన్ని పట్టుకోవడం తేలిక: నెయ్యి అంచుల్లో వేరుగా తేలుతుంది, ఉప్పు చప్పబడి ఉంటుంది.

మధ్యాహ్నం పూట మా లెక్కలో రెండో స్థానం. పన్నెండుకీ ఒంటిగంటన్నర ప్రాంతంలోనూ కుర్రకారు కచేరీలు ఉంటాయి. అకాడమీలోనూ మరికొన్ని సభల్లోనూ ఇవి సాధారణంగా ఉచితమే. గంటన్నర లోపు అవకాశం కాబట్టి పిల్లలు నసపెట్టరు. వర్ణం, ఓ చిన్న కీర్తన, ఓ ఆలాపన, ప్రధాన కృతి, చిన్న తని (మృదంగం ఒంటరిగా వాయించే భాగం), మంగళం. హాలు సగం ఖాళీ, ఏసీ మాత్రం నిండు సభకి పెట్టినట్టే ఉంటుంది. శాలువా మరచిపోతే రెండో కీర్తనకే వణుకు పుడుతుంది.

తెలుగు చెవికి అసలు పరీక్ష ఇక్కడే. సీజన్లో వినపడే కృతుల్లో సింహభాగం తెలుగు: త్యాగరాజు, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య పదాలు, జావళీలు. పాడేవాళ్లలో ఎక్కువమంది సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుని నేర్చుకుంటారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. తేడా తెలియడానికి అచ్చు పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. ఆ అంకె మీద కన్ను పడకపోతే "నిధి చాల సుఖమా" కాస్తా "నిది సాల సుగమా" అయి కూర్చుంటుంది. తాళానికి సర్దడం కోసం మాటని నడిమికి విరిచెయ్యడం రెండో జబ్బు. ఒక అక్షరం ముందు ఊపిరి తీసుకుంటే అర్థం ఇంకో దారి పడుతుంది. అయితే ఇదేదో తమిళుల తప్పని గుండెలు బాదుకోనక్కర్లేదు. తెలుగు ఇంట పుట్టి తెలుగు చదవడం రానివాళ్లు కూడా ఇదే పద్ధతిలో నేర్చుకుని ఇవే తప్పులు పాడుతున్నారు. పైగా ఈ మధ్య అర్థం అడిగి తెలుసుకుని, పదచ్ఛేదం దిద్దించుకుని వచ్చే తమిళ పిల్లలు మధ్యాహ్నం పూటే ఎక్కువగా కనిపిస్తున్నారు. కచేరీ అయ్యాక వేదిక పక్కన నిలబడి, నెమ్మదిగా, ఒక్క మాట దిద్దండి. చాలామంది ఫోను తీసి అక్కడికక్కడే రాసుకుంటారు.

ఇక ఆకు భోజనం. వరస ఇలా ఉంటుంది: ఆకు కొసన పాయసం, ఉప్పు, ఊరగాయ, పచ్చడి (అంటే పెరుగు పచ్చడి, మన రోటి పచ్చడి అనుకుని ఆశపడకండి), పొరియల్ (వేపుడు కూర), కూటు (పప్పు వేసిన కూర), అప్పడం, వడ. ఆ తరవాత అన్నం మీద కాస్త పప్పూ నెయ్యీ, సాంబారు, వత్తకుళంబు, రసం, మజ్జిగ. ముద్దపప్పు ఆవకాయ, కందిపొడి నెయ్యి అలవాటైన నాలుకకి మొదటి పది నిమిషాలు ఏదో వెలితిగానే ఉంటుంది. కానీ మన వంటకి దూరపు చుట్టాలు ఆకు మీదే కూర్చుని ఉంటాయి. పరుప్పు ఉసిలి అన్నది మన పాటోళీయే. మోర్ కుళంబు మజ్జిగపులుసు. వత్తకుళంబు ఎండబెట్టిన బుడమకాయలతోనో ఉస్తికాయలతోనో పెట్టిన చిక్కటి పులుసు. నువ్వులనూనె పైకి తేలి ఉంటే సరిగ్గా కాగినట్టు, పల్చగా సాంబారులా కదిలితే తొందరపడి దింపినట్టు. ఉసిలి బాగుందో లేదో పొడి చూసి చెప్పొచ్చు. నానిన కందిపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి బరకగా రుబ్బి, ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చిదిమి, నూనెలో వేయించాలి. వేడిమీదే చిదిమితే పిండి ముద్దలు కడుతుంది. క్యాంటీన్లలో తొందర వల్ల జరిగే తప్పు ఇదే.

పంక్తి వేళ పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా రద్దీ. పదకొండున్నరకి మొదటి పంక్తి దొరికితే అప్పడం కరకరలాడుతుంది. రెండు దాటాక వెళ్తే కూటు అడుగంటిన వాసన, రసం మాత్రం ఇంకా బాగుంటుంది: అడుగున పేరుకున్న కందికట్టు, మిరియం అంతా చివరి పంక్తుల వాళ్లకే దక్కుతుంది. వడ్డించేవాళ్లు అడక్కుండా రెండోసారి రారు. "సాంబార్" అని చెయ్యి ఎత్తాలి, చాలనుకున్నప్పుడు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి. మొహమాటపడితే ఆకలితో లేస్తారు.

నాలుగింటి పూటకి మొదటి బహుమతి. మూడున్నరకి క్యాంటీన్, నాలుగుకి కచేరీ. ఈ వేళ పాడేది అటు కుర్రకారు కాదు, ఇటు తారలు కారు. రేపోమాపో సాయంత్రం వేదిక ఎక్కాల్సినవాళ్లు. నిరూపించుకోవలసింది ఇంకా మిగిలుంది కాబట్టి రాగాన్ని ఒళ్లు దాచుకోకుండా పాడతారు. టిక్కెట్టు ధర సాయంత్రం దానిలో కొంతే.

కాఫీ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. డికాషన్ దిగడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది, ఎవరి ఫిల్టరైనా అంతే. మూడున్నరకి వచ్చే గిరాకీ కోసం క్యాంటీన్ వాళ్లు మూడింటికే పొడి వేసి, మరిగే నీళ్లు పోసి పెడతారు. మీకు దక్కేది మొదటి డికాషన్. రాత్రి ఎనిమిదికి వందమంది ఒక్కసారి మీద పడినప్పుడు అదే పొడిలో రెండోసారి నీళ్లు పోస్తారు, లేదా చల్లారిన డికాషన్ పొయ్యి మీద పెడతారు. రెండోసారి దిగినదానికి రంగు ఉంటుంది, వాసన ఉండదు; ఆ రంగు చికోరీది. తిరిగి కాచిన డికాషన్ చేదెక్కి, చివర పులుపు తగుల్తుంది. చికోరీ కలపడం తప్పేమీ కాదు. నూటికి పదిహేను ఇరవై పాళ్లు ఉంటే కాఫీకి ఒళ్లొస్తుంది. చట్టప్రకారం నూటికి 49 పాళ్ల దాకా కలపొచ్చు, ప్యాకెట్ మీద వేస్తే చాలు. అంత కలిపినవాడి కాఫీ బెల్లం పాకంలా నాలుకని పట్టుకుంటుంది. పరీక్ష ఇలా చెయ్యండి. గ్లాసులోంచి డబరాలోకి (కింద ఇచ్చే వెడల్పు గిన్నెలోకి) ఒక్కసారి ఎత్తి పొయ్యండి. నురగ చిన్న బుడగలతో నిలిచి, కాఫీ ఎర్రగా, ఇటుకరంగుకి దగ్గరగా ఉంటే మొదటి డికాషన్, చిక్కటి పాలు. బూడిదరంగు తిరిగితే ఇంకేదైనా తాగండి. చక్కెర ముందే వేసేస్తారు, వద్దనుకుంటే టోకెన్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

కాఫీతో పాటు తినదగ్గది అరటిపువ్వు వడ. వాళైప్పూ వడై అని బోర్డు మీద రాసుంటుంది. ఈ వడకి ఖరీదు సరుకుది కాదు, పనిది. ఒక్కో చిన్న పువ్వులోంచీ నడిమి గట్టి కేసరాన్ని, పక్కన గాజుకాగితంలాంటి పొరని లాగి పారెయ్యాలి. తమిళులు ఆ కేసరానికి కళ్ళన్, అంటే దొంగ అని పేరు పెట్టారు. దొంగ లోపలే ఉండిపోతే ఉడకదు, పంటికింద పుల్లలా తగులుతుంది. తరిగిన పువ్వుని మజ్జిగ కలిపిన నీళ్లలో వెయ్యకపోతే నల్లబడి వగరు దిగదు. శనగపప్పు రెండు గంటలు నానితే చాలు. నీళ్లు పొయ్యకుండా బరకగా రుబ్బాలి. మెత్తగా రుబ్బినా, నీళ్లు పడినా వడ నూనె తాగుతుంది. తుంచి చూడండి: లోపల పప్పు బద్ద కనపడాలి, వేళ్లకి నూనె అంటకూడదు.

అడై అవియల్ కూడా ఈ పూటదే. బియ్యం, కందిపప్పు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి బరకగా రుబ్బి దళసరిగా వేసే అట్టు. నడుమ చిల్లు పెట్టి అందులోనూ నూనె వదిలితేనే లోపల ఉడుకుతుంది. అవియల్ అంటే కూరగాయలన్నీ కొబ్బరితో కలిపి వండిన కూర, అందులో కొబ్బరినూనె ఉంటుంది. ఆ వాసన పడనివాళ్లు బెల్లంముక్క, వెన్న అడగండి, చాలాచోట్ల ఇస్తారు.

సాయంత్రం పూట మీద మా అభిప్రాయం కొందరికి రుచించదు. పెద్ద పేర్లు, పెద్ద టిక్కెట్లు, పట్టుచీరల గరగర. పాట గొప్పగా ఉండొచ్చు, ఉంటుంది కూడా. కానీ రెండున్నర గంటల కచేరీకి ఒక అచ్చు ఉంది. ఆ అచ్చు పోసిన పేరు అరియక్కుడి రామానుజ అయ్యంగార్‌కి దక్కుతుంది. వర్ణంతో మొదలై, మధ్యమకాలంలో (ఓ మోస్తరు వేగంలో) కొన్ని కృతులు, గంట దాటాక ప్రధాన రాగం, దాని వెనక తని ఆవర్తనం, చివర చిట్టిపొట్టి పాటలు. తని మొదలవగానే సభలో సగం లేస్తుంది. మృదంగం వాయించే మనిషి ఏడాదంతా పడ్డ సాధన చూపించబోయే నిమిషంలోనే జనం కుర్చీలు టపటపలాడించుకుంటూ క్యాంటీన్ దారి పడతారు. ఇంతకన్నా మొరటు అలవాటు ఈ ఊరి సంగీతంలో ఇంకోటి లేదు.

వంటింటికి కూడా అది ఆపదే. రవ్వదోసెకి బొంబాయి రవ్వ, బియ్యప్పిండి సమానంగా, మైదా సగం, పల్చటి మజ్జిగలా జారే పిండి; బాగా కాలిన పెనం మీద ఎత్తునుంచి చల్లితేనే జల్లెడ కన్నాలు పడతాయి. సన్నటి మంట మీద మూడు నాలుగు నిమిషాలు వదిలెయ్యాలి. యాభై టోకెన్లు ఒక్కసారి వచ్చి పడితే పెనం మీద ఎడాపెడా నీళ్లు కొట్టి, వేడి తిరిగి అందుకోకముందే పిండి పోస్తారు, రెండు నిమిషాలకే మడిచేస్తారు. వచ్చేది తెల్లగా, మెత్తగా, తడిబట్టలా ఉంటుంది. అదీకాక పిండి గిన్నెలో రవ్వ అడుగుకి దిగిపోతుంది. ప్రతి గరిటెకీ కలపకపోతే మొదటివాళ్లకి నీళ్లు, చివరివాళ్లకి ఉప్మా. కాబట్టి రాత్రి టిఫిను తినదలచుకుంటే కచేరీకి ముందే, ఆరింటికి తినెయ్యండి. తని పూర్తిగా వినండి.

సభల బయట కూడా పొట్టకి దారులున్నాయి. మైలాపూరులో రాయర్ మెస్ పొద్దున్నే తెరిచి పెందరాళే కట్టేస్తుంది, కూర్చునే చోటు తక్కువ, ఇంకొకళ్లు లేచేదాకా నిలబడాలి. తూర్పు మాడవీధిలో కర్పగాంబాళ్ మెస్, మాడవీధుల మలుపులో కాళత్తి కొట్టు రోజ్ మిల్క్. ట్రిప్లికేన్‌లో 1948 నాటి రత్నా కేఫ్‌కి వెళ్తే ఇడ్లీని సాంబారులో ముంచి తేల్చుకునే హక్కు మీది, చెంబుతో తెచ్చి పోస్తారు. కారం తినకపోతే బతకలేం అనుకున్న రోజున టి.నగర్లో ఆంధ్రా మెస్సులకి కొదవ లేదు. దానికి సమీక్ష ఎందుకు.

ఊరికి రాలేనివాళ్లకి రేడియో. ఈ ఊరికి ఆ అలవాటు పాతది. 1924లోనే ఇక్కడ రేడియో క్లబ్బు ఉంది, 1930 నుంచి కార్పొరేషన్ వాళ్లు ప్రసారాలు నడిపి బహిరంగస్థలాల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టి వినిపించేవారు. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా తెలుగువాళ్లకి ఇంటిభాషలో వినిపించింది మద్రాసే. పాటలు రాసి బాణీలు కట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఉద్యోగంలో చేరింది ఇక్కడే. పిల్లలకి రేడియో అన్నయ్య, అక్కయ్య అయిన న్యాయపతి దంపతులు గొంతు విప్పిందీ ఇక్కడే.

రేడియో కచేరీకి పెద్ద సుగుణం గడియారం. అరగంట అంటే అరగంట. కాబట్టి గాయకులు ఆలాపనని మూడు నాలుగు నిమిషాల్లో రాగం మొహం చూపించేలా కుదించుకోవాలి. చప్పట్ల కోసం సాగదీసే స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) ఉండదు. మైకు నోటికి దగ్గర కావడంతో ఉచ్చారణ దాగదు. సభలో నలుగురి వెనక కూర్చుంటే వినపడని "సుగమా" ఇక్కడ స్పష్టంగా పట్టుబడుతుంది. ఆకాశవాణి సంగీత జాతీయ కార్యక్రమం 1952 నుంచి ఉంది. ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో రాగం అనే ఛానెల్ రోజంతా శాస్త్రీయ సంగీతమే ఇస్తుంది. ఫోను స్పీకర్లో మాత్రం వినకండి. మృదంగం ఎడమ మూత గుంకారం అంత చిన్న స్పీకరులో పలకదు, టకటకలే మిగుల్తాయి. పెట్టెలాంటి బ్లూటూత్ స్పీకరుకి కలిపితే ఆ లోటు తీరుతుంది. పాత ట్రాన్సిస్టర్ ఉన్నవాళ్లు మద్రాసు కేంద్రం కోసం మీడియం వేవ్‌లో 720 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు తిప్పేటప్పుడు గరగర వస్తే ముందు ఎల్ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్ కట్టేసి చూడండి. ఆ తరవాత రేడియోని ఉన్నచోటే మెల్లగా పక్కకి తిప్పండి. లోపలి ఏరియల్ కడ్డీ స్టేషను వైపు అడ్డంగా తిరిగినప్పుడు శబ్దం తేటపడుతుంది.

వెళ్లే ముందు పార్సిల్ కట్టించుకోదగ్గది ఒక్కటే, అశోకా హల్వా. పుట్టిల్లు తిరువయ్యారు, అంటే త్యాగరాజస్వామి ఊరే. పెసరపప్పు దోరగా వేయించి మెత్తగా ఉడికించి, నేతిలో వేగిన కాస్త గోధుమపిండి, పప్పుకి రెట్టింపు చక్కెర, మొహమాటం లేకుండా నెయ్యి. పప్పు పూర్తిగా చిదగకముందే చక్కెర పడితే ఇక ఉడకదు, నాలుక మీద రవ్వరవ్వగా ఉంటుంది. మంచిది అరిటాకు మీద తనంతట తను జారుతుంది. అంగిట్లో మైనంలా అంటుకుంటే నెయ్యి బదులు వనస్పతి వేసినట్టే. పప్పు సరుకు కాబట్టి బయట రెండు రోజులకి మించి ఉంచకండి, ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడితే చెంచాడు వేడిపాలు చిలకరించి సన్నసెగ మీద కలపండి. పుష్య బహుళ పంచమి, అంటే త్యాగరాజ ఆరాధన రోజు పొద్దున తిరువయ్యారు నుంచి ఆయన పంచరత్న కీర్తనలు రేడియోలో వచ్చేనాటికి హల్వా కావాలంటే, మళ్లీ చేసుకోవాల్సిందే.